చెయ్యి దూరేంత చోటు

ఏడో అంతస్తులో షాఫ్టు తలుపు తీయగానే తడిసిన సిమెంటు వాసన గుప్పున కొట్టింది. పొద్దున ఆరున్నర. నీళ్ళు గోడలోంచి ఆరో అంతస్తువాళ్ళ హాల్లోకి దిగుతున్నాయని ముందురోజు రాత్రి ఫోను వచ్చింది. నాతో వచ్చిన ప్లంబరుది ఒడిశా, కేంద్రపాడ జిల్లా. హైదరాబాదులో ఏ పెద్ద సైటుకు వెళ్ళినా పైపుల పనిలో ఆ జిల్లావాళ్ళు కనిపిస్తారు. అక్కడి పట్టముండై ప్రాంతం తరాలుగా దేశమంతటికీ ప్లంబర్లను పంపుతోంది. ఆయన టార్చిని పళ్ళ మధ్య బిగించి కుడిచెయ్యి లోపలికి పోనిచ్చాడు. మోచేతి దాకా వెళ్ళి ఆగింది. పక్కకు తిరిగి భుజం దూర్చబోయాడు. లావుపాటి మురుగు పైపు అడ్డం వచ్చింది. దాని వెనకాల, గోడను అంటుకుని వాల్వు. వేళ్ళ కొసలు చక్రానికి తగులుతున్నాయి, పిడికిలి మాత్రం చిక్కటం లేదు. పానా పెట్టి చూశాడు. అది తిరగటానికి చోటు లేదు. చెయ్యి బయటికి తీసేసరికి మెటికల మీద తోలు లేచిపోయి ఉంది. నావైపు తిరిగి, "సాబ్, హాత్ నై జాతా" అన్నాడు. చెయ్యి దూరటం లేదని.

ఆ షాఫ్టు డ్రాయింగు మీద సంతకం నాది.

నేను బిల్డింగ్ సర్వీసెస్ ఇంజనీరును. సైట్లలో మమ్మల్ని ఎంఈపీ వాళ్ళంటారు. మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ కలిసి ఒక్క మాటైంది. గోడలూ స్లాబులూ వేరేవాళ్ళ పని. ఆ గోడల మధ్యకు నీళ్ళూ గాలీ కరెంటూ తీసుకురావటం, మురుగునీ పొగనీ వేడినీ బయటికి పంపటం, నిప్పంటుకుంటే ఆర్పే ఏర్పాటు చెయ్యటం మా వంతు. ఇరవై మూడేళ్ళుగా ఇదే పని. మధ్యలో మూడేళ్ళు దోహాలో, మిగతాదంతా హైదరాబాదులో.

ఇది లెక్కల పని అని చాలాకాలం అనుకున్నాను. లెక్కలంటే నాకు ఇష్టం కూడా. మనిషికి రోజుకు 135 లీటర్లని మన ప్రమాణం. నాలుగు వందల ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు అనుకుంటే 2 లక్షల 70 వేల లీటర్లు. అంటే 270 టన్నుల బరువు. అంత బరువూ రోజూ సంపులోంచి ముప్పై అంతస్తుల పైకి ఎక్కాలి, అందులో ముప్పాతిక పైన మళ్ళీ మురుగై కిందికి దిగాలి. నీరు పది మీటర్ల ఎత్తున నిలబడితే అడుగున చదరపు సెంటీమీటరుకు కేజీ ఒత్తిడి. వంద మీటర్ల భవనంలో పైట్యాంకు నీళ్ళను నేరుగా కింది ఇంటి కుళాయికి వదిలితే పది కేజీలు. ఏ కుళాయి తట్టుకుంటుంది? అందుకని మధ్యమధ్య ఒత్తిడి తగ్గించే వాల్వులు పెడతాం. ఆ వాల్వుకు ముందు ఒక చిన్న జల్లెడ ఉంటుంది. ఇసుకా, తుప్పూ, పైపులు బిగించినప్పటి టేపు ముక్కలూ అందులో చేరతాయి. జల్లెడ పూడుకుంటే ఆ అంతస్తుల్లో నీళ్ళు సన్నగా వస్తాయి. ఎవరో ఒకరు దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించాలి. నా లెక్కలో ఒత్తిడి ఉంది, నీటి వేగం ఉంది, పైపు లావు ఉంది. జల్లెడ కడిగే మనిషి లేడు.

ఆ ఏడో అంతస్తు షాఫ్టు ముందు నేను గీసినప్పుడు లోతు రెండున్నర అడుగులు. ప్లాను ఖాయం చేసే మీటింగులో దాన్ని ఒక అడుగు తగ్గించమన్నారు. తగ్గిస్తే పక్క బెడ్‌రూములో వార్డ్‌రోబ్ గోడవారా సరిగ్గా కూర్చుంటుంది. షాఫ్టు పొడవు ఆరడుగులు. ఒక అడుగు తగ్గితే అంతస్తుకు ఆరు చదరపు అడుగులు మిగులుతాయి. అలాంటి షాఫ్టులు నాలుగు, అంతస్తులు పన్నెండు. మొత్తం 288 చదరపు అడుగులు. అప్పటి ధర చదరపు అడుగుకు నాలుగు వేలు వేసుకున్నా పదకొండున్నర లక్షలు. బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ళకు ఆ లెక్క నోటికొచ్చు. అరగంట వాదించాను. చివరికి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "పైపులు పడతాయా, పడవా?" పడతాయన్నాను. అబద్ధం కాదు. కాగితం మీద పైపులంటే సున్నాలు. సున్నాలన్నీ ఆ పెట్టెలో పట్టాయి. చెయ్యి పడుతుందా అని వాళ్ళు అడగలేదు. అడగకపోయినా చెప్పాల్సినవాణ్ణి నేను.

అప్పటినుంచి డ్రాయింగులు చూసే కన్ను మారింది. ఆర్కిటెక్టు బొమ్మల్లో మనుషులుంటారు. లాబీలో నడుస్తుంటారు, బాల్కనీలో నిలబడి ఉంటారు, పార్కులో పిల్లల చెయ్యి పట్టుకుని ఉంటారు. మా డ్రాయింగుల్లో మనిషి ఉండడు. పంపు ఉంటుంది, పంపు పక్కన కూర్చుని బేరింగు మార్చేవాడు ఉండడు. ప్యానెల్ ఉంటుంది, దాని తలుపు తెరిచి నిలబడేవాడు ఉండడు. మేం గీసే రోజుకు ప్రతి వాల్వూ కొత్తది, ప్రతి పైపూ శుభ్రమైనది. కాగితం మీద కారే పైపు ఉండదు. ఇల్లు కట్టటానికి మూడేళ్ళు పడితే, అందులో జనం బతికేది యాభై అరవై ఏళ్ళు. ఆ ఏళ్ళన్నిట్లో ఆ ఇంటికి నిజమైన కాపు ఎవరంటే చేతిసంచీలో పానా, పైపు రెంచీ వేసుకుని వచ్చేవాడు. అతని కొలత మాత్రం ఎవరి డ్రాయింగులోనూ లేదు.

మన ఫ్లాట్లలో ఈ సంగతి అందరికంటే ముందు బాత్రూములో బయటపడుతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూము స్లాబును అడుగు లోతుకు దించి వేస్తారు. సంకెన్ స్లాబ్ అంటారు. ఆ గుంటలో పైపులు పరిచి, ఇటుక ముక్కలు నింపి, పైన టైల్సు వేసేస్తారు. పైపులన్నీ మన నేల కిందే ఉంటాయి, కిందివాళ్ళతో సంబంధం లేదు. వినటానికి బాగుంటుంది. కాని ఏదో ఒక అతుకు దగ్గర బొట్టుబొట్టుగా కారటం మొదలైతే ఆ గుంట తొట్టి అవుతుంది. నీళ్ళు నెలల తరబడి లోపలే నిలుస్తాయి. ఎక్కడ కారుతోందో పైవాళ్ళకు తెలియదు. కిందివాళ్ళ సీలింగు మీద పసుపు మరక కనపడేసరికి ఏడాది దాటిపోయి ఉంటుంది. అప్పుడు బాత్రూమంతా పగలగొట్టాలి. ఎవరు పెట్టుకోవాలి ఖర్చు? పైవాళ్ళా, కిందివాళ్ళా? పండక్కి ఒకరింటికొకరు అరిసెలు పంపుకున్న ఇళ్ళు ఈ ఒక్క మరక దగ్గర మాటలు మానుకోవటం చూశాను.

ఇంకో పద్ధతి ఉంది. పైపులను స్లాబు కింద, అంటే కిందివాళ్ళ బాత్రూము సీలింగు పైన వేలాడదీస్తారు. మన ఇంటి మురుగు పైపు బాగు చెయ్యాలంటే కిందివాళ్ళ తలుపు తట్టాలి. కొనేవాళ్ళకు ఇది నచ్చదు, మా ఇంట్లో ఇంకొకళ్ళ మురుగేమిటంటారు. నేను మాత్రం దీనివైపే మాట్లాడతాను. పైపు కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, ఎక్కడ తడి ఉందో ఆ రోజే తెలుస్తుంది. మూత తీసి, స్టూలేసుకుని గంటలో బాగుచేసి వెళ్ళొచ్చు. తలుపు తట్టి "వదినా, ఒక్క గంట మీ బాత్రూము కావాలి" అని అడగటం ఇబ్బందే. కాని ఏడాది తర్వాత మరకతో మొదలయ్యే తగువుకంటే ఆ ఇబ్బంది చాలా చిన్నది. పైనున్నవాళ్ళూ కిందున్నవాళ్ళూ ఒకే స్లాబును పంచుకుంటున్నారు. ఆ నిజాన్ని ఇటుక ముక్కల కింద కప్పిపెడితే పోదు.

బాత్రూములో నాకెంతో గౌరవం ఉన్న వస్తువు ఒకటుంది. నహానీ ట్రాప్. స్నానం నీళ్ళు పోయే చోట జాలీ కింద ఉండే చిన్న గిన్నెలాంటిది. అందులో ఎప్పుడూ రెండంగుళాల నీరు నిలిచి ఉంటుంది. అపార్ట్‌మెంటు మురుగు పైపుల్లోని గాలికీ మనం పీల్చే గాలికీ మధ్య ఉన్న అడ్డం అదొక్కటే. తలుపు కాదు, మూత కాదు, రెండంగుళాల నీళ్ళు. విజయవాడనుంచి అమ్మ ఒక వేసవిలో ఫోను చేసి, "వెనక బాత్రూములో ఒకటే వాసనరా, ఫినాయిలు పోసినా పోవటం లేదు" అంది. ఆ బాత్రూము ఎవరూ వాడరు, చుట్టాలొస్తే తప్ప. "అమ్మా, వారానికోసారి ఆ జాలీలో చెంబెడు నీళ్ళు పొయ్యి" అన్నాను. పోసింది. మర్నాటికి వాసన పోయింది. వేసవి వేడికి ట్రాపులో నీళ్ళు ఎండిపోయాయి, అంతే.

ఆ మాట చెప్తున్నప్పుడు నా మనసులో ఉన్నది హాంకాంగ్. 2003 మార్చిలో సార్స్ వ్యాపిస్తున్న రోజుల్లో అక్కడి అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో కొద్ది వారాల్లోనే మూడు వందలమందికి పైగా జబ్బు పడ్డారు. ముప్పై మూడు అంతస్తుల బ్లాకులవి. జబ్బుతో ఉన్న ఒక మనిషి అక్కడి బంధువుల ఇంటికి వచ్చి బాత్రూము వాడాడు. పరిశోధించినవాళ్ళు నేలమీది ట్రాపుల దగ్గర ఆగారు. అక్కడివాళ్ళు బాత్రూము నేలను నీళ్ళు పోసి కడగరు, తుడుస్తారు. దాంతో చాలా ఇళ్ళలో ఆ ట్రాపులు ఎండిపోయి ఉన్నాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడు అది మురుగు పైపులోని గాలిని, ఆ గాలితోపాటు తుంపరలనూ ఇళ్ళలోకి లాగింది. పైపులు లెక్కప్రకారమే ఉండి ఉంటాయి. లేనిది రెండంగుళాల నీళ్ళు.

మన ఇళ్ళలో నేల కడిగే అలవాటు మనల్ని కొంత కాపాడుతుంది. కాని ఇక్కడ ఇంకో తప్పు జరుగుతుంది. ట్రాపులో వెంట్రుకలు, సబ్బు తెట్టె చేరతాయి కాబట్టి జాలీ ఎత్తి, చెయ్యి పెట్టి తియ్యాలి. టైల్సు వేసేవాళ్ళు అందంగా కుదరాలని ఆ జాలీని తెల్ల సిమెంటుతో నేలకు అతికేస్తారు. ఫ్లాట్లు అప్పగించే ముందు ప్రతి బాత్రూములోనూ మోకాళ్ళమీద కూర్చుని జాలీలు లేస్తున్నాయో లేదో గోరుతో ఎత్తి చూస్తాను. లేవనివి సుద్దముక్కతో గుర్తుపెట్టి తీయిస్తాను. సైటులో కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఈ పని చిన్నతనంగా ఉంటుంది. ఏసీ చిల్లర్ల గదిలో వాళ్ళు నేర్చుకునేదానికంటే ఇక్కడ తక్కువేమీ నేర్చుకోరని నా నమ్మకం.

దోహాలో ఉన్నప్పుడు ఒక ఆఫీసు భవనానికి ఏసీ పని చూశాను. ఫాల్స్ సీలింగు పైన, చల్లనీళ్ళ పైపుల పక్కన, గదిగదికీ ఒక ఫ్యాన్ యూనిట్ ఉంటుంది. దాని ఫిల్టరు తరచూ తీసి కడగాలి. అందుకు సీలింగులో ఒకటిన్నర అడుగు చదరపు మూత పెడతారు. ఒక గదిలో ఆ మూత లైట్ల వరస మధ్యలో వచ్చిందని, అందం చెడుతోందని దాన్ని నాలుగడుగుల పక్కకు జరిపారు. యూనిట్ మాత్రం పాత చోటే ఉంది. నిర్వహణ చూసే కుర్రాడు జగిత్యాల వైపువాడు. నిచ్చెనెక్కి, తల లోపల పెట్టి, డక్టు మీదనుంచి చెయ్యి చాచాడు. అందలేదు. ఒళ్ళంతా గాజు ఊలు అంటుకుని కిందికి దిగి, "సారూ, మిషన్ ఒక దిక్కు, మూత ఒక దిక్కు పెట్టిన్రు. నేనెట్ల అందుకోవాలె?" అన్నాడు. ఆగస్టు నెల. సీలింగు పైన ఆ ఇరుకు ఎంత ఉక్కగా ఉంటుందో పాకినవాళ్ళకే తెలుసు. ఆ రోజు నేనూ నిచ్చెనెక్కి తల పెట్టి చూశాను. లోపల పైపులూ, కేబుల్ ట్రేలూ, స్ప్రింక్లర్ లైనూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి.

సీలింగు పైన జాగా పంచుకోవటానికి మాలో మేం పడే తగువులు పెద్దవి. డక్టువాడు, కేబులువాడు, స్ప్రింక్లరువాడు ఎవరికి వాళ్ళు తమదే ముందంటారు. మాలో పాతకాలంనుంచి ఒక న్యాయం ఉంది. వాలు కావాల్సిన పైపుదే మొదటి చోటు. వైరును వంచొచ్చు, డక్టును నొక్కి వెడల్పు చెయ్యొచ్చు, పంపు తోసే నీటిని ఎక్కించొచ్చు, దించొచ్చు. దానంతట అది పారాల్సిన నీరు ఎవరి మాటా వినదు. నూటికి ఒకటి వాలు వేస్తే పది మీటర్లకు పది సెంటీమీటర్లు. ఆ పది సెంటీమీటర్లూ దానికి ఇవ్వాల్సిందే. ఈ న్యాయంలో నాకు లోటుగా కనిపించేది ఒక్కటే. వాలు తర్వాత రెండో చోటు ఎవరిదన్నప్పుడు ఎవరూ చెయ్యి పేరు చెప్పరు.

చెప్పినవాళ్ళు కొందరున్నారు. కరెంటు నిబంధనలు రాసినవాళ్ళు. మన విద్యుత్ భద్రతా నిబంధనల్లో స్విచ్‌బోర్డుల గురించి ఒక వాక్యం ఉంది. బోర్డు ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. బోర్డు వెనక తొడుగు లేని కనెక్షన్లుంటే, ఆ వెనక జాగా 20 సెంటీమీటర్లకంటే తక్కువైనా ఉండాలి, 75 సెంటీమీటర్లకంటే ఎక్కువైనా ఉండాలి. మొదటిసారి చదివినప్పుడు ఇదేం నియమం అనుకున్నాను. తక్కువున్నా ఫరవాలేదు, ఎక్కువున్నా ఫరవాలేదు, మధ్యలో ఉండకూడదా? ఒక ప్యానెల్ వెనక స్వయంగా నిలబడ్డ రోజున అర్థమైంది. 20 సెంటీమీటర్ల సందులోకి మనిషి దూరలేడు కాబట్టి వెళ్ళడు. 75 ఉంటే నిలబడగలడు, తిరగగలడు, ఏదైనా అయితే వెనక్కి తప్పుకోగలడు. నలభై ఉందనుకోండి, పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరతాడు. వీపు గోడకు, ఛాతీ కరెంటుకు. అక్కడినుంచి తప్పుకోవటానికి చోటుండదు. మనిషి ఒంటిని కొలిచి రాసిన వాక్యం అది. పనివాడు ఎక్కడికి ఎలాగోలా దూరతాడో ఊహించి, ఆ ఎలాగోలా అనే అవకాశాన్నే తీసేసింది. ఇన్నేళ్ళలో చదివిన నియమాలన్నిట్లో మనుషుల మీద ఇంత ప్రేమ ఉన్నది నాకు మరొకటి కనిపించలేదు.

ఆ నియమాన్ని నేను కరెంటుకే పరిమితం చెయ్యను. చెయ్యి చేరాల్సిన చోటికి చెయ్యి చేరాలి. మనిషి దిగకూడని చోటికి అసలు దిగే అవసరమే రాకూడదు. పెద్ద అపార్ట్‌మెంట్లలో సెల్లారులో మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంటుంది, ఎస్‌టీపీ అంటారు. అందులో ముందు వచ్చే మురుగు తొట్టిలో పంపులు మునిగి ఉంటాయి. పంపు ఆగిపోతే ఏం చెయ్యాలి? తొట్టిలోకి దిగిన మనుషులు తిరిగి పైకి రాని వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. ఒకడు పడిపోతే వాణ్ణి తీయటానికి ఇంకొకడు, ఆ వెనక మరొకడు. లోపల నిలిచిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడికి అదే ఆఖరు. రక్షణ లేకుండా మనిషిని అలా దించటాన్ని 2013లో చట్టం నిషేధించింది. చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

ఇంజనీరుకు తెలిసిన మార్గం ఇంకా ముందే ఉంది. పంపును రెండు నిలువు గైడు పట్టాల మీద దించి, గొలుసు కట్టి, గొలుసు కొసను పైన కొక్కేనికి తగిలిస్తారు. అడుగున దానంతట అదే పైపుకు కూర్చుంటుంది. చెడిపోతే గొలుసు పట్టి పైకి లాగితే పంపే మనిషి దగ్గరికి వస్తుంది. మనిషి దాని దగ్గరికి పోనక్కరలేదు. ఖర్చు తగ్గించే మీటింగుల్లో ఈ పట్టాలూ గొలుసూ పైనున్న కొక్కెమూ లిస్టులోంచి జారిపోతుంటాయి. కొక్కెం వెయ్యాలంటే స్లాబు వేసేటప్పుడే వెయ్యాలి. సెంట్రింగు మీద ఇనుము కట్టే రోజున నేను వెళ్ళి కొక్కెం ఉందో లేదో చూస్తాను. ఆ ఒక్క వంకర కడ్డీ గురించి ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడగలను, గొంతు పెంచి కూడా. ఇందులో నాకు మొహమాటం లేదు.

గోల్కొండకు వెళ్ళినప్పుడు అందరూ కోట గుమ్మం దగ్గర చప్పట్లు కొడతారు. నేను గోడలు పగిలిన చోట్ల ఆగుతాను. రాతి గోడల్లోపల మట్టి గొట్టాలు కనిపిస్తాయి. మోట చక్రాలతో నీటిని మెట్టుమెట్టుగా పై తొట్లకు ఎక్కించి, అక్కడినుంచి ఈ గొట్టాల్లో వదిలేవాళ్ళు. నా వృత్తివాళ్ళు ఆ కాలంలోనూ ఉన్నారని సంబరంగా ఉంటుంది. ఆ వెంటనే, ఈ గొట్టం పూడుకుపోతే ఎవరు ఎక్కడ తవ్వేవాళ్ళు అనే ప్రశ్న వస్తుంది. దానికి నాకు జవాబు దొరికింది కోటలో కాదు, చెరువుల దగ్గర. పదమూడో శతాబ్దపు రామప్ప, పాఖాల వంటి చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయి. రాయి గట్టిది కాబట్టి నిలిచాయంటే సగమే నిజం. ఊరూరా పాత చెరువులకు తూములుంటాయి. నీళ్ళలోంచి పైకి లేచిన రాతి స్తంభాలు, వాటిమీద అడ్డబండ. ఆ బండమీద నిలబడి తూము తెరిచే మనిషి, మూసే మనిషి ఒకడుండేవాడు. నీరటి అనేవాళ్ళు. అతనికి మాన్యం ఉండేది, పంటలో వాటా ఉండేది. తూము కట్టినవాడు నీటికి దారి ఒక్కటే ఆలోచించి ఊరుకోలేదు. నీరటి కాళ్ళు పెట్టుకోవటానికి రాయి కూడా పెట్టాడు.

ఈ మధ్య ఏ షాఫ్టు గీసినా, అట్టముక్కలతో అసలు సైజులో ఒక నమూనా కట్టిస్తాను. ప్యాకింగు అట్టలు సైటులో కావలసినన్ని దొరుకుతాయి. పైపులకు బదులు పైపు ముక్కలే నిలబెడతాం, వాల్వు బిగిస్తాం. ఆర్కిటెక్టును, బిల్డరు తరఫు మనిషిని పిలుస్తాను. ప్లంబరును పిలిచి వాల్వు విప్పమంటాను. వాళ్ళ ఎదుట చెయ్యి ఆగిన చోట పెన్సిలు గీత గీస్తాను. డ్రాయింగు మీద గంటసేపు వాదించినా ఒప్పుకోని ఆరంగుళాలు అట్టపెట్టె ముందు ఐదు నిమిషాల్లో ఒప్పుకున్నవాళ్ళున్నారు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. అలాంటి ఒక పనిని పోయినేడాది వదులుకున్నాను. ఇంట్లో ఆ నెల లెక్కలు తారుమారయ్యాయి, అయినా నిద్ర పట్టింది.

ఏడో అంతస్తు షాఫ్టును వెడల్పు చెయ్యటం ఎవరివల్లా కాదు. బెడ్‌రూములో జనం కాపురాలుంటున్నారు. షాఫ్టుకు రెండోవైపున మెట్ల ల్యాండింగు ఉంది. ఆ గోడ బరువు మోసేది కాదు, బ్లాకులతో కట్టింది. అసోసియేషన్ వాళ్ళతో కూర్చుని, బీముకు తగలకుండా అటువైపునుంచి ఒకటిన్నర అడుగు చదరాన తెరిచి, వాల్వును పైపు వెనకనుంచి ల్యాండింగు వైపుకు తెద్దామన్నాను. అన్ని అంతస్తులకూ ఒకేసారి డబ్బు లేదన్నారు. ఎక్కడ కారితే అక్కడ చేద్దామని తీర్మానించుకున్నారు. నా ఫీజు వద్దన్నాను. పన్నెండు అంతస్తుల్లో ఇప్పటికి ఐదు అయ్యాయి.

ఐదోది తొమ్మిదో అంతస్తు. ఆ కేంద్రపాడ ప్లంబరు రజ పండక్కి ఊరెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. ల్యాండింగు మీద సంచీ దించి, కొత్త తలుపు తెరిచి, చెయ్యి లోపల పెట్టాడు. పిడికిలి చక్రాన్ని పూర్తిగా పట్టుకుంది. నెమ్మదిగా తిప్పుతూ పోయాడు, పెదవులతో ఏదో లెక్కపెట్టుకుంటూ. పైపులో నీళ్ళ చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. మళ్ళీ అన్ని చుట్లూ వెనక్కి తిప్పాడు, చప్పుడు తిరిగొచ్చింది. చెయ్యి తుడుచుకుని, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి తలుపు లోపలివైపు తేదీ వేసి, దాని పక్కన తొమ్మిది నిలువు గీతలు గీశాడు. ఎందుకని అడిగాను. ఈ వాల్వు పూర్తిగా మూతపడటానికి తొమ్మిది చుట్లన్నాడు. తర్వాత వచ్చేవాడు రాత్రిపూట కరెంటు లేనప్పుడు రావచ్చు, ఎన్ని చుట్లో తెలిస్తే చీకట్లో కూడా తిప్పుకుంటాడన్నాడు.